గేటు ముందు బొట్టు

నూకాలమ్మ కోడలు మళ్ళీ బొట్టు పెట్టుకుని తిరుగుతోందని పక్కింటి గరవమ్మ కుళాయి దగ్గర అందట. ఆ మాట చెవిన పడ్డాక నూకాలమ్మకి ముద్ద దిగలేదు. కొడుకు పోయి నెల తిరగలేదు. పదకొండో రోజున ఆ బొట్టు తుడిచింది తన చెయ్యే.

తెల్లారి కోడలు సింహాలమ్మ వెనకాలే రొయ్యల ఫ్యాక్టరీ దాకా నడిచింది. ఈ రోజుల్లో కొట్టైనా బస్సైనా మొహం చూసే తలుపు తీస్తోంది.

"మీరెవరో తెలియలేదు. పక్కకి జరగండి," అంది గేటు.

సింహాలమ్మ క్యారేజీ మూత లోపల అంటించిన స్టిక్కరు తీసి నుదుట పెట్టుకుంది. కొంగున కట్టిన ముక్కుపుడకలు తగిలించుకుంది.

"రండి సింహాలమ్మ గారూ! మీ ఆయన అప్పన్న గారు కులాసాయేనా?"

"కులాసాయే," అంది సింహాలమ్మ. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళగానే స్టిక్కరు పీకి మళ్ళీ మూతకి అంటించింది.

సాయంత్రం గరవమ్మ అరుగు మీద ఉండగానే నూకాలమ్మ అడిగింది: "ఇప్పటి మొహం ఎక్కించమని అడక్కపోయావా?"

"అడిగాను. మూడు నెలలు ఆగమన్నారు. అందాకా పిల్లకేం పెట్టను?"

"ఎంత కూటికైతే మాత్రం, మిషను కోసం ముత్తైదువ వేషమా తల్లీ?" అంది గరవమ్మ.

సింహాలమ్మ ఆవిడ వైపు చూడలేదు. చేతులకంటిన నీచు కడుక్కుంటూ అత్తతోనే అంది:

"నీ కొడుకు ఇంకా ఉన్నాడనుకునేది ఈ ఊళ్ళో ఆ గేటొక్కటే అత్తా."