అసర్ నమాజు వేళ

సౌదీలోని బురైదా పట్నంలో, ఆ మలయాళీ హోటల్లో పరోటాలు టేబుల్ మీదికి వచ్చాయో లేదో, సాయంత్రపు అసర్ నమాజుకి పిలుపు వినిపించింది. వెయిటరు వీధి షట్టరు దించేసి లైట్లు ఆర్పేశాడు. నమాజు అయ్యేదాకా లోపలివాళ్లు లోపలే.

ఫ్యామిలీ క్యాబిన్లో తెర వెనక కూర్చున్న రెంజిని చేతిలోని పరోటా ముక్క కంచంలోకి విసిరేసింది.

“ప్రతి నెలా ఇదే గొడవ! హాస్టల్ గేటుకి తాళం, వార్డు తలుపుకి తాళం. నెలకోసారి మొగుడితో కలిసి తిందామని వస్తే ఇక్కడా తాళమేనా? నాకు ఊపిరాడటం లేదు.”

సజీవన్ ఆమె మొగుడు. రెండొందల కిలోమీటర్ల అవతల కంపెనీ క్యాంపులో ఉంటూ నీళ్ల ట్యాంకరు నడుపుతాడతను. ఆ క్యాంపులోకి ఆడవాళ్లని రానివ్వరు. రెంజిని ఉండే నర్సుల హాస్టల్లోకి మగవాళ్లని రానివ్వరు.

“తొమ్మిదేళ్ల నుంచీ ఈ దేశంలో ఉన్నారు. నమాజు వేళలు ఇంకా తెలియవా చేట్టా? ఒక్క గంట ముందొస్తే మీ సొమ్మేం పోయింది?” అంది రెంజిని.

“ఓణం నాడు ముందే వచ్చాం కదే,” అన్నాడతను మెల్లగా. “పాయసం ఇంకా తాగనే లేదు, బయట జనం నిలబడ్డారు లేవండంటూ తరిమేశారు. షట్టరు దించాక మాత్రం మనల్ని ఎవరూ లేవమనరు. అందుకే ఈ టైము చూసుకుని వస్తున్నా.”

చీకట్లోనే రెంజిని ఎదురు కుర్చీలోంచి లేచి, కంచం పట్టుకుని అతని పక్కన కూర్చుంది.

“ఇంకెంతసేపుంది?”

“ఇరవై నిమిషాలు.”

“అంతేనా?” అంది.