పోతు తప్పు

ఆ ఏడు బోధన్‌లో చెరుకు విరగపండింది. ఫ్యాక్టరీ కాంటా ముందు బండ్లు పొద్దుటి నుంచి కదలడం లేదు.

లింబాద్రి బండి నొగ మీద కూర్చుని, పక్క బండి ఎర్రన్నకు రేపటి తన రెండో పెండ్లి ముచ్చట చెప్తున్నాడు.

"నా ఆలు నాలుగో కాన్పుల గూడ ఆడపిల్లనే కన్నది. సాయవ్వను పిల్లలతోటి బాల్కొండకు, తల్లిగారింటికి తోలిచ్చిన."

"నీ ఇంట్ల బర్రె ఉన్నదా బిడ్డా?"

అడిగింది ఎవరో ముసలాయన. ఖాకీ అంగీ, చేతిలో ఇత్తడి సున్నపు డబ్బా. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో.

"ఉంటే?"

"అది ఈనినప్పుడల్లా దున్నదూడనే పుడితే ఏం చేస్తవ్?"

"ఇంకో పోతు దగ్గరికి తోలుకపోత."

"పోతును మారుస్తవ్. బర్రెను మార్చవు గద? మరి ఆలినెట్ల మారుస్తున్నవ్?"

ఎర్రన్న కిసుక్కున నవ్వాడు. లింబాద్రికి ఒళ్లు మండింది. ముసలాయన ఆగలేదు.

"నేను నిజామాబాదు పశువుల దవాఖానల పని చేస్త. మా డాక్టరు సాబ్ చెప్పిండు. ఆడదాని దగ్గర ఒక్క తీరు విత్తనమే ఉంటదట. మొగోని దగ్గర రెండు తీర్లు. ఆడపిల్లయ్యేది ఒకటి, మొగపిల్లగాడయ్యేది ఒకటి. ఏది పడ్డా మనదే. గొడ్డుకైనా మనిషికైనా గంతే."

"ఓ తాతా, లింబాద్రిని పోతును చేసినవ్ గదనే!" అన్నాడు ఎర్రన్న.

వెనక బండ్లవాళ్లు ఘొల్లుమన్నారు.

"మా అవ్వకు ముగ్గురు ఆడపిల్లల మీద నేను పుట్టలేదా? కనేటిది కంటది!" అని అరిచాడు లింబాద్రి.

ముసలాయన కాసేపు అతని ముఖమే చూశాడు.

"పుట్టినవ్ బిడ్డా," అన్నాడు మెల్లగా.

"నీకెందరు కొడుకులు?"

"ఒక్కడు."

"ఏడున్నడు? బువ్వ పెడ్తుండా?"

ముసలాయన డబ్బా మూత మీది సొట్టను వేలితో తడిమాడు.

"కన్నకొడుకే కానని మొకం, నాకు నీతులు చెప్పొచ్చింది!"

లింబాద్రి ఒక్క తోపు తోశాడు. ముసలాయన చెరుకాకు మీద వెల్లకిలా పడ్డాడు. లేచి, అంగీ దులుపుకుని పోయాడు.

మర్నాడు పెండ్లయింది. ఆ రోజు లింబాద్రి తల్లి ముత్తవ్వ మెతుకు ముట్టలేదు.

ఏడాది తిరిగేసరికి రెండో భార్యా ఆడపిల్లనే కన్నది.

మంత్రసాని మాట చెవిన పడగానే లింబాద్రి కొట్టంలోకి పోయాడు. బర్రె నెమరేస్తూ తననే చూస్తున్నట్టనిపించి తల దించుకున్నాడు.

తెల్లారి నిజామాబాదు బయలుదేరాడు. బస్టాండులో బాల్కొండ బస్సు కనబడితే ముఖం తిప్పుకున్నాడు.

"ఆయననా? సచ్చిపోయి నెల గూడ కాలే," అన్నాడు పశువుల దవాఖాన కాంపౌండరు. "పోయినేడు చెరుకు బండ్ల దగ్గర మూడొద్దులు తిరిగిండు. 'నేను చేసిన తప్పు ఇంకొకడు చేస్తుండు, చెప్పాలె' అనుకుంట. నీకేమైతడు?"

"ఏం కాడు."

"అడుగుకుంట వచ్చినోనివి నువ్వొక్కనివే. ఆయన డబ్బా ఇది, నువ్వే కొండపో."

లింబాద్రి ఆ సున్నపు డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఎవరిదో, ఆ మనిషిని తానేం చేశాడో, ఆయన ఇప్పుడు లేడనీ, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

ముత్తవ్వ డబ్బాను అటూ ఇటూ తిప్పింది. మూత మీది సొట్టను వేలితో తడిమింది. కొంగుతో నొసటి బొట్టు తుడుచుకుంది.

"దేశాలు పట్టిపోయిండని నీకు చెప్పిన గానీ, ముగ్గురు ఆడపిల్లలను కన్ననని, కడుపుల నువ్వున్నవని గూడ సూడకుంట నన్ను ఎల్లగొట్టిన మీ బాపు ఈయనేరా."