ఆకలి లేని చేప

"గాలాన్ని గబగబా లాగినా చేప రాలేదు. మెల్లగా ఈడ్చినా రాలేదు. ఆపి ఆపి కుదిపినా కదల్లేదు. ఇప్పుడు చూడక్కా," అంటూ తమ్ముడు గాలానికున్న రబ్బరు కప్పను నీటిపైన ముసురుకున్న చేపపిల్లల మధ్యకు విసిరాడు.

నీళ్లు భళ్లున చిమ్మాయి. తల్లి చేప గాలానికి తగులుకుంది.

"పాపం, ఎంత ఆకలి మీదుందో," అన్నాను.

"ఆకలా, పాడా! కప్ప తన పిల్లల జోలికొచ్చిందని కరిచింది. కడుపు నిండున్నా సరే, ఇలా చేస్తే రాక చస్తుందా?" ఇకిలిస్తూ, జిగురు చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. పుట్టింట్లో ఉంటున్న వాడి భార్య. వాడు తియ్యలేదు.

"తియ్యరా, మీ పాప ఏం చేస్తోందో అడుగుతుందేమో."

"పాప ఇక్కడుందని దానికి తెలిస్తేగా! బడి దగ్గర్నుంచి నేనే తెచ్చేశాను."

"వాళ్లమ్మే పంపిందన్నావు కదరా!"

"అనకపోతే నువ్వు నీ ఇంట్లో ఉంచుకుంటావా? బతిమాలాను, బెదిరించాను, మాట్లాడ్డం మానేశాను. కాపురానికొచ్చిందా? కాసేపు వెతుక్కోనీ. తర్వాత నేను చెబితే చాలు, అదే పరిగెత్తుకొస్తుంది."

చేప నోట్లోంచి గాలాన్ని మెలితిప్పి లాగుతూ చెప్పాడా మాట. నాకు వాణ్ని పక్కన నిలబెట్టుకుని తమ్ముడని చెప్పుకోవడానికే రోత పుట్టింది.

గట్టు మీద మట్టితో ఆడుకుంటున్న పాపను చంకనెత్తుకుని, నా ఫోనులోంచి మరదలికి చేశాను.

"ఏడవకమ్మా, పాప నా దగ్గరే ఉంది, బాగుంది. నువ్వు మాత్రం ఇక్కడికి రాకు. నేనే తీసుకొస్తున్నాను."