కాస్త తోడు

"అమ్మాయ్, కాస్త తోడు ఇస్తావా?"

ల్యాబ్ వరండాలో అన్నం కెలుకుతూ కూర్చున్న మాధవీలత చిరాగ్గా తలెత్తింది.

గేటు దగ్గర నూలుచీర కట్టుకున్న పెద్దావిడ. చేతిలో ఖాళీ గాజుసీసా.

"తాడేపల్లిలో ఇళ్లే లేవా అమ్మా? ఇది ల్యాబు" అన్నాడు వాచ్‌మన్ పానకాలు.

అసలే మాధవీలత ప్రాణం అరచేతిలో ఉంది. పత్తికట్టెను ఉడికించిన రసంలో ఈస్ట్‌ని పెంచి, ప్లాస్టిక్‌కి బదులు వాడే సరుకు తీయాలి. ఆ రసంలోని ఆమ్లమేమో ఈస్ట్‌ని చంపేస్తోంది. అందుకే కొంచెం ఆమ్లంలో బతికినవాటిని ఇంకొంచెం ఎక్కువ ఆమ్లంలోకి మారుస్తూ, ఏళ్ల తరబడి వాటిని మొండిఘటాల్ని చేసింది. ఇవాళ అసలు రసంలో వేసింది. ఇవీ చస్తే ప్రాజెక్టుకి తాళమే.

పోనీలే పాపం అనుకుని, తన బాక్సులోని పెరుగు ఆ సీసాలో వేసింది.

"తీసుకోండి. గట్టి పెరుగే."

పెద్దావిడ సీసాలోకి చూసి కిసుక్కున నవ్వింది.

"ఇది కాదమ్మా, నేనడిగింది..."

"మేడమ్! నురుగు వస్తోంది!" లోపల్నుంచి ఎవరో కేక పెట్టారు.

మాధవీలత ఎంగిలి చేత్తోనే లోపలికి పరుగెత్తింది.

ఫ్లాస్కు నిండా నురుగు! ఈస్ట్ బతికింది. బతకడమేమిటి, ఆ విషాన్ని విందుభోజనంలా లాగిస్తోంది. మాధవీలతకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సిగ్గు మరిచి గంతులేసింది. ఎదురొచ్చిన వాళ్లందర్నీ వాటేసుకుంది.

ఆ సంబరంలో వరండాలోకి వస్తే పెద్దావిడ లేదు.

"'బతికిందా?' అని అడిగిందండి. బతికిందని చెప్పా. ఆ పెరుగు సీసానే గుండెకి హత్తుకుని ఆటో ఎక్కేసింది. కనిగిరి బస్సుకి టైమైందట" అన్నాడు పానకాలు.

అంతలో డైరెక్టర్ నాగేంద్రబాబు కారు దిగాడు.

"కంగ్రాట్స్ అమ్మా! రెబ్కా మేడమ్ ఏరీ? కాలేజీ పిల్లలకి చూపించడానికి మన ఈస్ట్ కాస్త పట్టుకెళ్తానన్నారు."

"ఆవిడెవరో రాలేదు సార్. ఒక పెద్దావిడ మాత్రం పెరుగుతోడు కోసం వచ్చింది."

నాగేంద్రబాబు తల పట్టుకున్నాడు.

"మనం కల్చర్ అనేదాన్ని ఆవిడ తోడనే అంటుందమ్మా. కనిగిరి చేలల్లో కుళ్లిన పత్తికట్టెలోంచి ఈ ఈస్ట్‌ని పట్టి, నువ్వు చేరకముందే మన ల్యాబ్‌కి మొదటి తోడు ఇచ్చింది ఆవిడే!"