ఖర్చు లేని ఆటలు

"ఇవాళ్టితో తేలిపోవాలి. ఇంకెన్నాళ్ళని కడుపులో దాచుకుంటాం?"

భార్య గొంతు. మంచినీళ్ళ కోసం వంటింటి వైపు వచ్చిన సూపర్వైజర్ గుమ్మం ఇవతలే ఆగిపోయాడు.

"ఇంతమంది ముందా? నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదండీ." ఇది పక్క ఫ్లాట్ ఫోటోగ్రాఫర్ గొంతు.

"ఏం కాదు. ఆయనకి అనుమానం రానివ్వకండి, చాలు."

సూపర్వైజర్ మంచినీళ్ళ సంగతి మర్చిపోయాడు. పిల్లిలా వెనక్కి వచ్చి హాల్లో కూర్చున్నాడు.

అనుమానం రాకూడదట! బట్టల గోడౌన్ గేటు దగ్గర నిలబడి, ఇళ్ళకెళ్ళే పనివాళ్ళ టిఫిన్ డబ్బాల మూతలు కూడా తీయించి చూసే మనిషికి అనుమానం రాకూడదట! నలుగురు వస్తే చాలు విసుక్కునే భార్య, ఉన్నట్టుండి అంతస్తులో వాళ్ళందరినీ పిలుద్దామన్నప్పుడే ఆయన చెవిలో జోరీగ దూరింది.

"రూపాయి ఖర్చు లేదండీ. పాత పేపర్లూ, కాయితం కప్పులూ ఉంటే చాలు. పుట్టినరోజులకి ఫోటోలు తీయడానికి వెళ్తుంటారుగా, పక్కింటాయనకి బోలెడు ఆటలు వచ్చు" అంది.

పక్కింటాయనకి ఏమేం వచ్చో ఈవిడకెలా తెలిసింది? పైగా ఈ మధ్య లిఫ్టు దగ్గరా, మెట్ల మీదా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండటం, తను కనబడగానే నోళ్ళు మూసుకోవడం. ఇవాళ రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలి. పట్టుకుంటే పదేళ్ళ సంసారం కూలిపోతుందని తెలుసు. తెలిసే పళ్ళు కొరుకుతున్నాడు.

హాలంతా గోలగోలగా ఉంది. కాయితం కప్పుల్ని ఊదుకుంటూ బల్ల దాటించే ఆటలో టీచరమ్మ గెలిచి, చిన్నపిల్లలా గెంతింది. తర్వాత పేపరు ఆట. జంటగా పేపరు మీద నిలబడాలి. పాట ఆగినప్పుడల్లా దాన్ని సగానికి మడవాలి. కాలు నేలకి తగిలితే ఔట్.

జంటలకి చీటీలు కలిపింది భార్యే. ఆవిడకి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. సూపర్వైజర్‌కి ఎదురింటి బామ్మ తగులుకుంది. తలనొప్పి అని ఫోటోగ్రాఫర్ భార్య సోఫాలోంచి లేవలేదు. ఆవిడ వైపు సూపర్వైజర్ కన్నెత్తి చూడలేదు. పరాయి ఆడవాళ్ళని చూసే అలవాటు తనకి లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునే మనిషాయన.

"నా కాలు తొక్కేస్తున్నావు నాయనా! ఆ చూపేదో పేపరు మీద పెట్టు" అని అరిచింది బామ్మ.

పేపరు మీద చూపెలా నిలుస్తుంది? మొదటి మడతకే భార్యా, ఫోటోగ్రాఫరూ కావాలని కాలు కింద పెట్టేశారు. కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ గుసగుసలు! సూపర్వైజర్ ఒళ్ళు మండిపోయింది.

"ఇక ఆఖరాట!" భార్య చప్పట్లు కొట్టింది. "ఆడవాళ్ళం పడగ్గది కర్టెన్ వెనక నిలబడి చేతులు మాత్రం బయట పెడతాం. మగవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని, ముట్టుకుని, ఎవరి చెయ్యో చెప్పాలి. ఉంగరాలూ, వాచీలూ తీసేయండి."

"నేను రానండీ" అంది ఫోటోగ్రాఫర్ భార్య.

"మీరు లేకపోతే ఆటెలా అవుతుంది?" అంటూ భార్య ఆవిడ్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ముందు ఫోటోగ్రాఫర్ వంతు. సూపర్వైజర్ మొహం కనబడేలా ముందుకి జరిగాడు. వరసలో రెండోది, మణికట్టు మీద కాలిన మచ్చ ఉన్నది, తన భార్య చెయ్యి. తెలిసిన చెయ్యే అయితే వీడి మొహమే పట్టించేస్తుంది. ఫోటోగ్రాఫర్ దాన్ని వేళ్ళ కొసలతో తాకి వదిలేశాడు.

"ఎవరో తెలీదండీ." పక్క చెయ్యి తగలగానే మాత్రం తడుముకోలేదు. "ఇది మా ఆవిడది."

అందరూ చప్పట్లు కొట్టారు. సూపర్వైజర్ గుండెల మీంచి బండ దిగింది. ఛ, ఎంతెంత ఊహించుకున్నాడు! వీడికి తన పెళ్ళాం తప్ప లోకం తెలీదు. ఒక్కసారిగా ఒళ్ళు దూదిపింజలా తేలిపోయింది. ఉషారుగా గంతలు కట్టించుకున్నాడు. కర్టెన్ వెనక చేతులు స్థానాలు మారాయి.

"సుద్దముక్క గరుకు! టీచరమ్మ."

"కరెక్ట్!"

రెండో చెయ్యి. కాసేపు తడిమాడు. "బామ్మగారా?"

హాలు ఘొల్లుమంది. "మీ ఆవిడేనండీ బాబూ!" అన్నాడు టీచరమ్మ భర్త. ఆ చెయ్యి మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

సూపర్వైజర్ కూడా పగలబడి నవ్వుతూ మూడో చెయ్యి అందుకున్నాడు. కాస్త వంకర తిరిగిన చిటికెన వేలు తగిలిందో లేదో, నవ్వు ఆపకుండానే అనేశాడు.

"ఇంకెవరు, మా బుజ్జి!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ అంతస్తులో బుజ్జి అనే పేరుతో ఎవర్నీ ఎవరూ పిలవరు. సూపర్వైజర్ గంతలు లాగేసుకున్నాడు. తొలగిన కర్టెన్ పక్కన ఫోటోగ్రాఫర్ భార్య తెల్లబోయి నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది.

భార్య ఆయన వైపు చూడలేదు. ఫోటోగ్రాఫర్ వైపు తిరిగింది.

"ఇప్పుడైనా నమ్ముతారా అన్నయ్యా?"