నా మాట

“ఒక్కటే అడుగుతున్న గిరీ. రోజా రాసింది మీ చిన్నమ్మకు ఎట్ల తెలిసింది?”

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో ఉమేష్ గొంతు పైకి లేచింది. గిరిధర్ కుర్చీలోంచి కదల్లేదు.

“నాకు తెల్వదన్న కదరా. ఎన్నిసార్లు చెప్పాలె?”

“పాస్‌వర్డ్ ఉన్నది ఇద్దరి దగ్గర. నీ దగ్గర, నా దగ్గర. నేనైతే చెప్పలే.”

“అయితే నేను చెప్పిన్నా?”

వనపర్తిలో దిక్కులేని ఆడపిల్లలుండే సదనం కోసం ఈ ప్రోగ్రామర్లిద్దరూ కలిసి పాఠాల సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. లెక్కలు, ఇంగ్లీషు, ఆఖరున ‘నా మాట’ అని ఒక పేజీ. మనసులో ఉన్నది పిల్లలు అందులో రాసుకోవచ్చు. దాన్ని పెట్టిన రోజు సదనానికి ఉమేష్ ఒక్కడే వెళ్ళాడు. వార్డెన్ చంద్రకళ ప్రతిదానికీ పేచీ పెట్టింది. “గీడ రాస్తే గాడికి పోతదంటే నమ్మాల్నా? ఏదీ, నా ముంగట చూపియ్యి” అంది. ఆమె ఎదుటే ఒక వాక్యం కొట్టి, ఆమె ఫోన్‌కు పంపి చూపించాడు. ఆమె నోరు తెరిచింది. ఆ తర్వాత పిల్లలను కూర్చోబెట్టి మాటిచ్చాడు.

“ఇందుల రాసింది మీరు తప్ప నరమానవుడు చూడడు. నాది గ్యారంటీ.”

ఆ మాట నమ్మే రోజా రాసింది. ‘నాకు పాలిటెక్నిక్‌ల సీటు వచ్చింది. మామకు తెలిస్తే బొంబాయి పనికి తోల్కపోతడు. చేరేదాకా ఎవ్వరికి చెప్ప.’

మూడో రోజుకే మేనమామ మాసయ్య తెలకపల్లి నుంచి ఊడిపడ్డాడు. ‘నాకు చెప్పకుంట సదువుకు పోతదా?’ అని పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. ఆయనకు ఫోన్ చేసింది చంద్రకళ. చంద్రకళ గిరిధర్‌కు స్వయానా చిన్నమ్మ. ఇంకేం సాక్ష్యం కావాలి?

“సాఫ్ట్‌వేర్‌ల ఎవరు ఏ లైన్ రాసిండ్రో, ఎప్పుడు రాసిండ్రో అంతా రికార్డ్ ఉంటది కదరా. తీసి చూడు” అన్నాడు గిరిధర్.

“దొంగతనం చేసినోనికి రికార్డు దిద్దుడు ఒక పనా?”

గిరిధర్ ముఖం మాడిపోయింది. ఐదేళ్ళుగా ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న మనుషులు. ఉమేష్ చెల్లెలి పెళ్ళికి గద్వాల నుంచి గిరిధర్ తల్లి స్వయంగా నేసిన చీర తెచ్చింది. ఉమేష్‌కు అవన్నీ గుర్తొచ్చాయి. పరాయివాడు చేస్తే తిట్టి ఊరుకునేవాడు. చేసింది వీడు కాబట్టి ఏడుపొచ్చింది.

“నమ్మించి గొంతు కోసినవ్ రా.”

“నువ్వే గట్ల అనుకుంటే ఇగ నేనేం చెప్త?”

గిరిధర్ మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఉమేష్ అప్పటికే ప్రొఫెసర్‌కు ఫిర్యాదు రాసిచ్చి వచ్చాడు. ఆ సాయంత్రమే గిరిధర్‌ను ఆ పనిలోంచి తీసేశారు.

వారం తర్వాత ఉమేష్ వనపర్తి వెళ్ళాడు. రోజా కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. కాలేజీలో చేరడానికి ఆమెకు ఆ రోజే ఆఖరు గడువు. ఆ పిల్ల ఎక్కడో బొంబాయిలో ఇసుక మోస్తోంది.

“తప్పు మాదే. చేసినోన్ని తీసేసినం. ఇగ భయం లేదు” అన్నాడు పిల్లలతో.

“మల్ల రాయొచ్చా సార్?” అని అడిగింది రోజా స్నేహితురాలు ఈదమ్మ.

“రాయండి. నాది గ్యారంటీ.”

ఈదమ్మ కాసేపు అతని ముఖంలోకి చూసింది. తర్వాత కంప్యూటర్ దగ్గరికి జరిగింది.

వార్డెన్ గదిలో చంద్రకళ చాయ్ పోసింది. ఉమేష్ ముట్టలేదు.

“మేడం, గిరిధర్ మీకు ఎట్ల ఇచ్చేటోడు? ఫోన్లనా, ఇంటికొచ్చా?”

“ఏంది ఇచ్చేది?”

“పిల్లలు రాసినవి.”

“గిరా? ఆడు దసరాకు సుత ఫోన్ చెయ్యడు సారూ! ఆనితోని మాట్లాడి ఏడాదాయె.”

ఎంత బాగా నటిస్తోంది అనుకున్నాడు ఉమేష్. పళ్ళు కొరుక్కుంటూ అడిగాడు.

“మరి రోజా మామకెందుకు చెప్పిండ్రు?”

“చెప్పకపోతే రేపు ‘నా పిల్లను దాచినవ్’ అని నా మీదికి రాడా? నా కొలువు పోతే ఎవరిస్తరు?”

అంతలో బల్ల మీద ఆమె ఫోన్ టింగుమంది. చంద్రకళ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.

“అరె, ఈదమ్మ రాసింది. ‘రోజా యాదికొస్తే ఏడుపొస్తుంది. సార్‌ను నమ్మి మల్ల రాస్తున్న’ అంట.”

ఉమేష్ ఫోన్ వైపు వంగాడు. గిరిధర్ పోయాడు గానీ, వాడు సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఈమె నంబరు పోలేదన్నమాట!

“ఎప్పటిసంది వస్తున్నయ్ ఇవి?”

“మొదటిసంది. గిట్లనే ఏర్పాటు ఉంటదేమో అనుకున్న. ఏంది సారూ, గట్ల పరేషాన్ అయితున్నవ్?”

ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. ఆ ద్రోహి ఏ రోజు మొదలుపెట్టాడో తేదీతో సహా ప్రొఫెసర్ ముందు పెట్టాలి. వేలితో వెనక్కి జరుపుతూ పోయాడు. ఈదమ్మ ఏడుపు, రోజా సీటు, ఇంకో పిల్ల యమునకు వచ్చే పీడకల, రోజా అమ్మ చనిపోయిన రోజు. పిల్లల మాటలు అయిపోయాయి. అన్నిటికంటే పైన, అతను సదనంలో సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు తేదీతో ఒక్క మెసేజ్ మిగిలింది.

‘హలో మేడం, నేను ఉమేష్, అందిందా?’