కాన్పయినంక రావాలె

“ఆ చెప్పులు పక్కకు జరపకమ్మా. ఆ పిల్ల చాయ్ తాగనీకి పోయింది.”

నవత తిరిగొచ్చేసరికి ఆసుపత్రి ఓపీ వరుసలో తన చెప్పుల దగ్గర ఒకామె కాపలా ఉంది. నీలం చీర, తలకు గుడ్డ, చేతిలో ఏదో ఫైలు.

ఆయమ్మ అనుకుంది నవత. ఊరికే మేలు చేసే ఆయమ్మలు కూడా ఉంటారా అని ఎగాదిగా చూసింది.

లోపల డాక్టర్ మృదుల నెమ్మదిగా చెప్పింది.

“గర్భసంచి మూతి దగ్గర చెడ్డ కణాలున్నాయి. క్యాన్సర్ కాదు. పట్టించుకోకపోతే ముందుముందు కావచ్చు. ఇప్పుడు కోస్తే బిడ్డకు ముప్పు. మూడు నెలలకోసారి చూస్తాం. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ రావాలి. చాలామందికి వాటంతటవే పోతాయి.”

నవతకు ఐదో నెల. ఏడేళ్లకు నిలిచిన కడుపు.

బయట నవత చెబితే భర్త పరశురాం విన్నాడు. బేగం బజార్‌లో ఎంత మూటైనా ఎత్తే మనిషి, ఈ మాటకు గోడకు ఆనుకున్నాడు.

“ఆలస్యం అమృతం విషం అంటరు. ప్రైవేటుల కోపిద్దాం. ముందు నువ్వుండాలె.”

“మళ్లా నిలుస్తదా?” నవత ఏడ్చింది.

బెంచీ మీది నీలం చీరామె కల్పించుకుంది.

“డాక్టరమ్మ మాట ఇను బిడ్డా. కోయొద్దన్నరు గానీ రావద్దనలే. పిలిచినప్పుడల్లా రా. కాన్పయినంక అసలే మర్వకు.”

“నిన్నెవరన్న అడిగిన్రా?” పరశురాం కసిరాడు.

ఆమె నవ్వి ఊరుకుంది. “జర లోపల పనుంది” అంటూ వరండా చివరికి మెల్లగా నడిచింది.

వాళ్లు కోత మాట మానుకుని ఆగారు. నెలనెలా కడుపు చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఆమె బెంచీ మీదే ఉండేది. నవతకు వరుసలో చోటు పట్టేది. పేరు పూలమ్మ అని మూడోసారికి తెలిసింది.

ఎనిమిదో నెలలో పూలమ్మ ఒకటే అడిగింది.

“ఒక్కపారి కడుపు ముట్టుకోనా?”

నవత కొంగు దగ్గరికి లాక్కుంది. ఎవరి దిష్టి ఎలాంటిదో.

“పుట్టినంక తెస్త. ఎత్తుకుందువు.”

“ఔ. ఆరు వారాలకు తే. గీడనే కూసుంట.”

ఆడపిల్ల పుట్టింది, పండులా. నవతకు నొప్పి లేదు, నలత లేదు. తను పనిచేసే అబిడ్స్‌ చీరల దుకాణం నుంచి సేటు ఫోన్ మీద ఫోన్. రేపు మాపు అంటుంటే ఆరో వారం దాటింది, ఎనిమిదోదీ దాటింది. ఏరు దాటాక తెప్ప తగలేసే బుద్ధి మనుషులకు కొత్త కాదు.

పాలిచ్చేటప్పుడు మాత్రం పూలమ్మ మాట గుర్తొచ్చేది. ఆ చెయ్యిని ఎందుకు వద్దన్నానా అని మనసు పీకేది. ఒక్కసారి ఆమె ఒళ్లో బిడ్డను పెట్టాలనిపించేది.

పదో వారంలో పాపకు కొత్త గౌను తొడిగి నాంపల్లి బస్సెక్కింది.

డాక్టర్ యంత్రంలోంచి చూసి తలూపింది.

“చెడ్డ కణాల మచ్చ కనిపించట్లేదు. పరీక్షకు పంపుతా. ఫలితం ఎట్లున్నా ఆర్నెల్లకు మళ్లీ రా.”

నవత బెంచీ దగ్గరికి దాదాపు పరుగెత్తింది. ఖాళీగా ఉంది. పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. వరండాలో నీలం చీర కనిపించినప్పుడల్లా లేచి నిలబడింది. మధ్యాహ్నమైంది.

చివరికి సిస్టర్ కమలకుమారిని అడిగింది.

“పూలమ్మ డ్యూటీ ఎప్పుడు సిస్టర్? బిడ్డను చూపిస్తనన్న.”

సిస్టర్ పాప బుగ్గ నిమిరింది.

“ఆరో వారమంతా నీ కోసమే కూసున్నది. వస్తది, వస్తది అనుకుంట. పోయిన వారం చనిపోయింది.”

నవత ఖాళీ బెంచీ వైపు తిరిగి చూసింది.

“మంచిగనే పని చేసుకుంట ఉండె కద?”

“ఆమె ఆయమ్మ కాదమ్మా, కడుపుతోని ఉన్నప్పుడు నీ లెక్కనే గవే కణాలు బయటపడితే, కాన్పయినంక రమ్మన్నా పదేండ్లదాంక రాని పేషెంటు.”